విండోస్ 11 ఎక్కించే ముందు ఆఫీసు ప్రింటర్ల విషయంలో జాగ్రత్తలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సపోర్టు ఆగిపోవడంతో చిన్నచిన్న ఆఫీసులు కూడా 11కి మారక తప్పడం లేదు. ఎక్కించడం ఒక పూట పనే. ప్రింటు రావట్లేదని తిప్పలు పడేది ఆ మర్నాడు. అందుకే ముందు తేదీ చూసుకోండి. ఆడిట్ ఆఫీసైతే జీఎస్‌టీ రిటర్నులుండే 11, 20 తేదీల ముందు దీని జోలికి పోవద్దు. అన్ని సిస్టమ్‌లూ ఒకే రోజు మార్చొద్దు. ఒకదాన్ని మార్చి, దాన్నుంచి ప్రతి ప్రింటర్‌లోనూ కాగితం బయటికొచ్చాకే రెండోది. యూఎస్‌బీ ప్రింటర్ తగిలించి మిగతావాళ్లకు షేర్ చేసిన సిస్టమ్ అన్నిటికన్నా ఆఖర్న.

ముందురోజే ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. అందులో ఐపీ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా), మ్యాక్ (మెషీన్‌కు పుట్టుకతో వచ్చే నంబరు) అడ్రసులుంటాయి. ఆ ఐపీని రౌటర్‌లో ఆ మ్యాక్‌కే రిజర్వ్ చేయించండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రింటర్ ఇంకో అడ్రసుకు మారి కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం పాత అడ్రసుకే పంపుతూ ఉంటుంది. ప్రతి సిస్టమ్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ ట్యాబ్‌ను, డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పేరును ఫోన్లో ఫొటో తీసుకోండి. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ లేదు, కాబట్టి పాత సీడీలోని 32 బిట్ డ్రైవర్ పనికిరాదు. 64 బిట్‌ది ముందే దింపి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఫార్మాట్ కొట్టి ఎక్కించేటట్టయితే తెలుగు టైపింగ్‌కు వాడే 'అను' ఫాంట్లు కూడా అందులోనే దాచుకోండి. అవి లేకపోతే తెలుగు లెటర్లన్నీ పిచ్చి ఇంగ్లిషు గుర్తులుగా ప్రింటవుతాయి, తప్పేమో ప్రింటర్ మీదకి పోతుంది.

మారాక ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తే వెంటనే డ్రైవర్ పీకేయకండి. ముందు దాని ఐపీకి పింగ్ కొట్టండి, అంటే అది నెట్‌వర్క్‌లో పలుకుతోందో లేదో కమాండ్‌తో చూడండి. రిప్లై లేదంటే తప్పు కేబుల్‌దో అడ్రసుదో. రిప్లై వస్తుంటే పోర్ట్స్ ట్యాబ్ తెరవండి. అక్కడ డబ్ల్యూఎస్‌డీ అని కనిపిస్తే అది విండోస్ తనంతట తాను వెతికి పెట్టుకున్న పోర్టు, ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని, రిజర్వ్ చేసిన ఐపీ ఇవ్వండి. చాలా లేజర్ ప్రింటర్లకు ప్రొటోకాల్ రా, పోర్టు నంబరు 9100. అక్కడే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ప్రింటర్ ఎలా ఉందని సిస్టమ్ అడిగే ప్రశ్న) టిక్ తీసేయండి. ఆ ప్రశ్నకు ప్రింటర్ బదులివ్వకపోతే, బాగా పనిచేస్తున్నా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది.

అసలు చిక్కు షేర్ చేసిన ప్రింటర్‌తోనే. చివర 11బి అని ఉండే ఎర్రర్ వస్తే రెండు సిస్టమ్‌లలో ఒకటి అప్‌డేట్లలో వెనకబడి ఉండొచ్చు. 2021 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి ప్రింటు కనెక్షన్‌కు గట్టి భద్రత తప్పనిసరైంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) ఆ భద్రత విలువను సున్నా చేస్తే ఎర్రర్ పోతుందని చాలామంది చెప్తారు. పోయే మాట నిజమే, కానీ మూసిన రంధ్రాన్ని మళ్లీ తెరిచినట్టే. రెండింటినీ అప్‌డేట్ చేయండి. 709 అని వస్తే షేర్ చేసిన సిస్టమ్ ఫైర్‌వాల్ చూడండి. విండోస్ 11లోని 22హెచ్2 వెర్షన్ నుంచి ప్రింటు కనెక్షన్ వెళ్లే దారి మారింది, ఆ కొత్త దారిని ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు. నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్ చేయండి.

పాస్‌వర్డ్ లేని షేరింగ్‌కు విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ప్రో ఎడిషన్‌లో కాలం చెల్లింది. ప్రింటర్ ఉన్న సిస్టమ్‌లో ఒక లోకల్ అకౌంటు తెరిచి పాస్‌వర్డ్ పెట్టండి, మిగతా సిస్టమ్‌ల క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) దాన్నే ఇవ్వండి. అక్కడ లాగిన్‌కు వాడే పిన్ కొడితే ఎన్నిసార్లయినా తిప్పికొడుతుంది. పాత జిరాక్స్ మెషీన్ల నుంచి ఫోల్డర్‌కు స్కాన్ ఆగిపోవడానికీ ఇదొక కారణం కావొచ్చు.

ఇంకొక మాట. 24హెచ్2లో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే కంపెనీ డ్రైవర్లతో నడిచే పాత ప్రింటర్లు మూలపడతాయి, దాన్ని ముట్టుకోకండి.

బిల్లులకు డాట్ మ్యాట్రిక్స్ వాడేవాళ్లు ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో 10×6 అంగుళాల ఫారం సైజు ఉందో లేదో చూసుకోవాలి. ఫార్మాట్ కొడితే అది చెరిగిపోతుంది. మొదటి బిల్లు బాగానే వస్తుంది, రెండోది చిల్లుల గీత దాటి సగంలో మొదలవుతుంది. కాబట్టి పరీక్షకు ఒక్క బిల్లు చాలదు, వరసగా మూడు కొట్టి చూడండి.