హీటర్ లేని ట్యాంకు: వైట్ క్లౌడ్ చేపలకి గండం చలికాలం కాదు, మే నెల

హీటర్ లేకపోతే చలికి చేపలు చచ్చిపోతాయేమోనని డిసెంబర్‌లో తెగ టెన్షన్ పడతారు. వైట్ క్లౌడ్ మిన్నోలకి ఆ బెంగ అక్కర్లేదు. చైనాలో గ్వాంగ్‌జౌ పక్కనున్న బైయున్ కొండ వాగుల చేపలివి, 16 డిగ్రీల నీళ్లలోనూ హుషారుగా తిరుగుతాయి. తిండి కాస్త తగ్గిస్తాయి, మీరూ తగ్గించండి, అంతే. హైదరాబాదులో అసలు గొడవంతా ఎండాకాలంలోనే.

సమస్య: అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ముందు థర్మామీటర్ చూడండి. 15 డిగ్రీల నీళ్లలో లీటరుకి దాదాపు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30కి వచ్చేసరికి అది ఏడున్నరే, పైగా వేడికి చేపకి గాలి ఇంకా ఎక్కువ కావాలి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవనివ్వండి. గాజు మూత తీసి దోమతెర కప్పండి (ఇవి దూకుతాయి, పొద్దున్నే సోఫా కింద ఎండిపోయి దొరుకుతాయి), చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీద తగిలేలా పెట్టండి. కుండలో నీళ్లు ఎలా చల్లబడతాయో ఇదీ అంతే, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖలాంటి ఉక్క ఊళ్లలో అంత దిగదు. ఐస్ గడ్డలు మాత్రం గుమ్మరించకండి, ఒక్కసారిగా చల్లబడితే ఇంకో రోగం.

సమస్య: నీళ్లు మార్చిన గంటకే డీలా పడ్డాయి

ఇది నా నిర్వాకమే. మధ్యాహ్నం రెండింటికి మేడ మీద ట్యాంకు నీళ్లు బకెట్లో పట్టి, చెయ్యైనా పెట్టి చూడకుండా పోసేశాను. సాయంత్రానికి రెండు పోయాయి. అప్పట్నుంచి రాత్రే పట్టి ఉంచి, క్లోరిన్ పోయే చుక్కల మందు కలిపి, తెల్లారాక పావు వంతే మారుస్తున్నా.

సమస్య: రంగు పాలిపోయి మూలన నక్కుతున్నాయి

ఎన్ని ఉన్నాయి? షాపులో జత అంటగడతారు, కానీ ఇవి గుంపు చేపలు, ఆరుకి తగ్గితే బెదురుతాయి, పది ఉంటే ఆ ఎర్ర తోకల కళే వేరు. అడుగున నల్ల గులకరాళ్లు, వెనక మొక్కలు పెట్టండి. అందులో పెద్ద గోల్డ్ ఫిష్ ఉంటే వేరే ట్యాంకుకి మార్చండి, నోట్లో పట్టేవాటిని మింగేస్తుంది.

సమస్య: ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు

ఇది ఇచ్, కంటికి కనపడని పురుగు చేప ఒంటికి పట్టి వచ్చే రోగం. నీళ్లని 30కి వేడి చేయమని అందరూ చెబుతారు, వీటికి మాత్రం ఆ వైద్యం వద్దు. మందే వాడండి, కాకపోతే చల్లటి నీళ్లలో ఆ పురుగు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి చుక్కలు రాలిపోయాయని మధ్యలో ఆపేయకండి.

ఇంత చేసినా మేలో నీళ్లు 28కి దిగట్లేదంటే వైట్ క్లౌడ్ మీ ఇంటికి సరిపడదు. జీబ్రా డేనియోలు తెచ్చుకోండి, మన దేశపు చేపే, ఈ వేడిని ఇంతకంటే బాగా తట్టుకుంటుంది.