వర్డ్‌లో రోజువారీ పని – 6వ పాఠం: బండల కొటేషన్‌లో గుర్తులు

విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి తెలుగు కీబోర్డు నుంచి ఇంగ్లీషుకు, మళ్లీ తెలుగుకు మారడం పోయిన పాఠంలో చూశాం. ఆ అలవాటు ఈ పాఠంలో అడుగడుగునా కావాలి. ఈసారి టైపు చేయాల్సింది ఒకే ఒక్క వరుస:

నాపరాయి, పాలిష్, 4′ × 2′ × 1½″, బండలు 125, మొత్తం ₹42,000

కడప జిల్లాలో ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల వ్యాపారం చేసేవాళ్ల కొటేషన్‌లో ఇలాంటి వరుసలే ఉంటాయి. ఒక బండ 8 ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు), 125 బండలకు 1,000 ఎస్ఎఫ్‌టీ. ఎస్ఎఫ్‌టీకి 42 రూపాయల రేటు లెక్క కోసం వేసుకున్నదే, బజారు ధర కాదు. ఈ వరుసలో మామూలు కీబోర్డు మీద కనిపించని గుర్తులు ఐదు: అడుగు గీత, ఇంటూ, అర, అంగుళం గీత, రూపాయి.

తొందరలో చాలామంది అడుగుకు కోట్ కీ, ఇంటూకు ఇంగ్లీషు ఎక్స్ కొట్టేస్తారు. ఎక్స్‌తో వచ్చే నష్టం చిన్నది, చూడ్డానికి బాగోదు అంతే. కోట్ కీతో కొంచెం చిక్కుంది. అక్షరం వెనకాల కోట్ కొడితే మాట ముగిసిందనుకుని వర్డ్ దాన్ని వంకర కోట్‌గా మార్చేస్తుంది. 4 పక్కన నిలువు గీత ఉండాల్సిన చోట ’ వచ్చి కూర్చుంటుంది. వచ్చిన వెంటనే కంట్రోల్ + జెడ్ ఒక్కసారి కొడితే గీత పోదు, వంకర మాత్రం పోతుంది. మామూలు ఆఫీసు కాగితానికి ఆ నిలువు గీత చాలు అనేవాళ్లతో తగవు లేదు. వంకర కోట్ మాత్రం వద్దు.

అన్నిటికన్నా ప్రమాదం అరతోనే. ఒకటిన్నర అంగుళాల మందాన్ని 1, ఖాళీ, 1/2 అని కొట్టాలి. ఆ ఖాళీ మరిచిపోతే 11/2 అవుతుంది. కోత మిషన్ దగ్గర ఉన్న మనిషి చేతికి ఆ కాగితం వెళ్తే పదకొండు బై రెండు, అంటే ఐదున్నర అంగుళాలు.

నంబరుతో గుర్తు

కంప్యూటర్‌కు ప్రతి గుర్తూ ఒక నంబరే. ప్రపంచంలోని లిపులన్నిటికీ, గుర్తులన్నిటికీ కలిపి ఇచ్చిన ఆ నంబర్ల పట్టికే యూనికోడ్. నంబరు తెలిస్తే వర్డ్‌లో గుర్తు తెప్పించడం రెండు సెకన్ల పని: నంబరు కొట్టి, ఆల్ట్ + ఎక్స్ నొక్కాలి.

కొత్త లైనులో ఇంగ్లీషు కీబోర్డు పెట్టుకుని 2032 కొట్టండి. ఖాళీ ఇవ్వకండి. ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. నాలుగంకెలు మాయమై ′ వస్తుంది. మన వరుసకు కావలసిన నంబర్లు ఇవి: అడుగు గీత 2032, అంగుళం గీత 2033, ఇంటూ 00డి7, అర 00బిడి, రూపాయి 20బి9. ఇక్కడ డి, బి అన్నవి కీబోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు. పెద్దవైనా చిన్నవైనా ఒకటే. సున్నా బదులు ఇంగ్లీషు ఓ కొట్టారంటే మాత్రం గుర్తు రాదు.

ఆల్ట్ + ఎక్స్ పనిచేయడం లేదని అనుకునే సందర్భాలు మూడుంటాయి.

మొదటిది, కీబోర్డు తెలుగులో ఉండిపోవడం. అప్పుడు బి కీ కొడితే తెలుగు అక్షరం పడుతుంది, కోడ్ (అంటే ఆ నంబరు) అసలు తయారే కాదు.

రెండోది, కోడ్ తర్వాత అలవాటుగా ఖాళీ కొట్టడం. ఆల్ట్ + ఎక్స్ రెండు వైపులా పనిచేస్తుంది. నంబరును గుర్తుగా మారుస్తుంది, గుర్తును నంబరుగానూ మారుస్తుంది. 2032 తర్వాత ఖాళీ ఉంటే వర్డ్ ఆ ఖాళీనే గుర్తు అనుకుని దాని నంబరు 0020 వేస్తుంది. తెర మీద 20320020 అని కనబడితే సంగతి ఇదే.

మూడోదే అసలు చిక్కు, మన వరుసలో అడుగడుగునా వచ్చేది. 4 కొట్టి, పక్కనే 2032 కొట్టి ఆల్ట్ + ఎక్స్ నొక్కితే అడుగు గీత రాదు, ఖాళీ డబ్బా వస్తుంది. ఎక్కడ మీ కొలత ఆగిందో, ఎక్కడ కోడ్ మొదలైందో వర్డ్‌కు తెలియదు. 42032 అనే ఐదంకెల నంబరుగా చదువుకుంటుంది. ఆ నంబరుకు ఏ గుర్తూ కేటాయించలేదు. ఒకటిన్నరలోనూ కొలత, కోడ్ ఇలాగే కలిసిపోతాయి: 1 పక్కన 00బిడి కొడితే 100బిడి అవుతుంది. డబ్బా వచ్చినప్పుడు చెరపకండి, మళ్లీ ఆల్ట్ + ఎక్స్ కొడితే అంకెలు తిరిగొస్తాయి. ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం కీ నాలుగుసార్లు నొక్కండి. కోడ్ నాలుగక్షరాలే సెలెక్ట్ అవుతాయి. ఆల్ట్ + ఎక్స్. 4 అక్కడే ఉంటుంది, పక్కన ′ వస్తుంది.

డెస్క్‌టాప్‌లో కుడివైపు నంబర్ ప్యాడ్ ఉంటే పాత పద్ధతి కూడా ఉంది: నమ్ లాక్ వేసి, ఆల్ట్ పట్టుకుని ప్యాడ్ మీద 0215 కొట్టి వదిలితే ×, 0189కి ½, 0176కి °. ముందు అంకె ఉన్నా ఈ పద్ధతిలో గందరగోళం లేదు. కానీ పైవరుస అంకెలతో ఇది పనిచేయదు, చాలా ల్యాప్‌టాప్‌లలో ప్యాడే ఉండదు.

రూపాయి గుర్తు

రూపాయికి ఇంకా దగ్గరి దారి ఉంది. కీబోర్డు ఇంగ్లీషు (ఇండియా) అయితే కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కండి. ఇంగ్లీషు (అమెరికా) పెట్టుకున్నవాళ్లకు ఇది రాదు. 4 కీ మీద ₹ అచ్చేసి ఉన్నా సరే, లోపల ఎంచుకున్న కీబోర్డే లెక్క.

ఈ గుర్తు వయసు ఎక్కువేం కాదు. ఉదయ కుమార్ గీసిన రూపాన్ని కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0లో దానికి 20బి9 నంబరు దక్కింది. ఈ మధ్య నెలల్లో జనం ఆగలేక, కీబోర్డు మీద 1కి ఎడమవైపున్న కీ అక్షరం స్థానంలో రూపాయి బొమ్మ పెట్టిన ఫాంట్లు వాడారు. ఆ రోజుల ఫైలు ఇప్పుడు తెరిస్తే డబ్బు ముందు ` అని చిన్న వాలుగీత కనిపిస్తుంది. ఫైల్‌లో ఉన్నది మొదటి నుంచీ ఆ గీతే, ఫాంటు దానికి వేషం వేసింది.

వేషం వేసిన టిక్కు

ఇదే వేషం ఇప్పటికీ రోజూ నడుస్తోంది, వింగ్‌డింగ్స్ పేరుతో. ‘పాలిష్ అయినది’, ‘అంచు కోత అయినది’ పక్కన టిక్కు కావాలంటే చాలామంది ఇన్సర్ట్, సింబల్, మోర్ సింబల్స్‌కు వెళ్లి ఫాంట్ డబ్బాలో వింగ్‌డింగ్స్ ఎంచుకుని టిక్కు వేస్తారు. ప్రింటు బాగానే వస్తుంది. ఆ వరుసను కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు టిక్కు ఉన్నచోట ఖాళీ డబ్బానో, నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు యూ అక్షరమో తేలుతుంది. వింగ్‌డింగ్స్‌లో టిక్కు బొమ్మ ఆ యూ స్థానంలో కూర్చుంది కాబట్టి. మెయిల్‌లో నవ్వు మొహం పెట్టినవాళ్ల దగ్గర్నుంచి అర్థం లేని ఇంగ్లీషు జే అక్షరం రావడానికీ కారణం ఇదే.

అనూ ఫాంట్లలో పనిచేసే డీటీపీ సెంటర్లవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. అక్కడ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే ఉంటుంది, ఆల్ట్ 0176 కొడితే డిగ్రీకి బదులు ఏ తెలుగు ముక్కో పడుతుంది. అనూలో పని చేస్తూ గుర్తు కావాలంటే ఆ ఒక్క గుర్తుకు ఏరియల్ లాంటి ఫాంట్ మార్చాలి.

టిక్కుకు అసలు నంబరు 2713. ఖాళీ గడి 2610, టిక్కు పెట్టిన గడి 2611. సింబల్ కిటికీలోనే తీసుకోవాలనుకుంటే పైన ఫాంట్ దగ్గర సెగోయి యూఐ సింబల్ పెట్టండి. కింద కుడివైపు ‘ఫ్రమ్’ డబ్బాలో యూనికోడ్ (హెక్స్) అని ఉందో లేదో చూసి, దాని పక్క కోడ్ డబ్బాలో నంబరు కొట్టండి.

గౌతమి అనే తెలుగు ఫాంట్‌లో ఈ టిక్కులు లేవు కాబట్టి వర్డ్ తనంతట తాను వేరే ఫాంట్ తెచ్చి పెడుతుంది. దాంతో టిక్కున్న లైను ఒక్కటీ కిందికి దిగినట్టు, వరుసల మధ్య ఎడం హెచ్చుతగ్గులైనట్టు కనబడవచ్చు. అప్పుడు ఆ పేరాలన్నీ సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్‌ను ఎగ్జాక్ట్‌లీ చేసి, 12 పాయింట్ల అక్షరానికి 18తో మొదలుపెట్టండి. ‘స్త్రీ’, ‘ఎర్రగుంట్ల’ అని కొట్టి చూడండి. కింది వత్తులు తెగితే ఒక్కో పాయింటు పెంచుకుంటూ పోవాలి.

రోజూ వాడేవాళ్లకు షార్ట్‌కట్

రోజుకు పది కొటేషన్లు కొట్టేవాళ్లు నంబర్లు గుర్తుపెట్టుకుని లాభం లేదు. సింబల్ కిటికీలో ′ మీద ఉండగా షార్ట్‌కట్ కీ బటన్ నొక్కి, ఆల్ట్‌తో పాటు కోట్ కీ కొట్టండి. ఆ కీల జంట వేరే పనికి ఇచ్చి ఉందేమో కింద చూపిస్తుంది, అన్‌అసైన్డ్ అని ఉంటేనే అసైన్ నొక్కండి. ″కు ఆల్ట్, షిఫ్ట్, కోట్ ఇవ్వండి.

×కు మాత్రం ఆటోకరెక్ట్ మేలు. అదే కిటికీలో ఆటోకరెక్ట్ బటన్ నొక్కి, రీప్లేస్ డబ్బాలో రెండు ఎక్స్‌లు వరసగా కొట్టి యాడ్ చేయండి. తర్వాత నుంచి 4′ కొట్టి, ఖాళీ, రెండు ఎక్స్‌లు, ఖాళీ కొడితే × అయిపోతుంది. ఇదే పద్ధతి అడుగు గీతకు ఎందుకు వద్దంటే, ఆటోకరెక్ట్ విడిగా నిలబడ్డ మాటనే పట్టుకుంటుంది. అంకెకు అతుక్కున్నదాన్ని వదిలేస్తుంది. పైగా ఈ జాబితా భాషకొకటి. ఇంగ్లీషు కింద చేర్చింది, వర్డ్ తెలుగని గుర్తించిన వాక్యంలో పనిచేయకపోవచ్చు. షార్ట్‌కట్లు, ఆటోకరెక్ట్ రెండూ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఫైలుతో పాటు రావు.

ఇంకొక్కటి. 4′ × ఒక లైను చివర, 2′ తర్వాతి లైను మొదట పడితే కొలత చదవడం కష్టం. వాటి మధ్య మామూలు ఖాళీకి బదులు కంట్రోల్ + షిఫ్ట్ + స్పేస్ కొట్టండి, విడిపోవు. రెండు ఎక్స్‌లు × అయ్యాకే ఈ మార్పు చేయాలి. కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కి దాచిన గుర్తులు చూపిస్తే ఈ ఖాళీ చిన్న డిగ్రీ సున్నాలా కనబడుతుంది. ప్రింటులో రాదు, భయపడి చెరపకండి.

ఇప్పుడు మొదట ఇచ్చిన వరుసను షార్ట్‌కట్లు లేకుండా, నంబర్లతోనే కొట్టండి. తర్వాత ప్రతి గుర్తు వెనకాల కర్సర్ పెట్టి ఆల్ట్ + ఎక్స్ నొక్కి నంబరు సరిచూసుకోండి. సున్నాలు మింగి డి7, బిడి అని మాత్రమే వచ్చినా తప్పు కాదు. ½ ముందున్న 1, ′ ముందున్న 4 అడ్డం వస్తాయి కాబట్టి, నంబరును మళ్లీ గుర్తుగా మార్చేటప్పుడు కోడ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసుకోవాలి. ఆ ఫైలును అలాగే దాచి ఉంచండి. 7వ పాఠంలో దీన్నే ట్యాబ్‌లతో పట్టికగా పేరుస్తాం.