యూఎల్‌ఐలో వాలంటీర్ బాధ్యతలకు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

రియల్ ఎస్టేట్, పట్టణ ప్రణాళిక, ఆర్కిటెక్చర్ రంగాల్లో పనిచేసేవాళ్లకు అర్బన్ ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ పేరు కొత్త కాదు. 1936లో అమెరికాలో మొదలైన ఈ లాభాపేక్ష లేని సంస్థను అందరూ యూఎల్‌ఐ అనే పిలుస్తారు. డెవలపర్లు, బ్యాంకర్లు, లాయర్లు, ప్లానర్లు, నగరపాలక అధికారులు ఒకచోట కూర్చుని, ఉన్న భూమిని ఎలా వాడుకుంటే నగరానికి మంచిదో చర్చించుకునే సంస్థ ఇది. లాబీయింగ్ చేయదు. జీతాలు తీసుకునే సిబ్బంది ఉన్నా, స్థానిక కార్యక్రమాల బరువు చాలావరకు సభ్యులే మోస్తారు. ఆ పనిలో భాగం కావాలంటే ఏం చేయాలో చూద్దాం.

మొదట సభ్యత్వం ఉండాలి. ఫుల్ మెంబర్, అసోసియేట్ అనేవి ప్రధానమైన రకాలు. ప్రభుత్వ ఉద్యోగులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు, 35 ఏళ్ల లోపు యంగ్ లీడర్లకు ఫీజు తక్కువ. స్థానిక కమిటీల్లో పనిచేయాలంటే అసోసియేట్ సభ్యత్వం చాలు కాబట్టి, పెద్ద ఫీజు కట్టాక చూద్దాంలే అని ఆగక్కర్లేదు.

సభ్యత్వం వచ్చాక సంస్థ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ‘నావిగేటర్’ అనే విభాగానికి వెళ్లండి. వాలంటీర్ అవకాశాలన్నీ అక్కడే కనిపిస్తాయి. ముందు ప్రొఫైల్ పూర్తి చేయాలి. చాలామంది ఈ పని తొందరగా ముగించేస్తారు. నిజానికి కమిటీవాళ్లు మిమ్మల్ని మొదట చూసేది ఆ ప్రొఫైల్‌లోనే. ఉద్యోగ హోదా ఒక్కటే రాసి వదిలేయకుండా, మీరు చేసిన పని ఎలాంటిదో రాయండి: అద్దె ఇళ్లా, ఆఫీసు భవనాలా, పాత కట్టడాల పునర్వినియోగమా, ప్రాజెక్టులకు అప్పులు సమకూర్చడమా. తర్వాత మీ ప్రాంతం, ఆసక్తి ఎంచుకుని అవకాశాలు వెతకండి. అమెరికాలో స్థానిక శాఖను డిస్ట్రిక్ట్ కౌన్సిల్ అంటారు. ఒక్కో శాఖకు మెంబర్‌షిప్, ప్రోగ్రామ్స్, యంగ్ లీడర్స్, మహిళా నాయకత్వం లాంటి కమిటీలు ఉంటాయి.

కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను అర్బన్‌ప్లాన్ పేరే చెబుతాను. ఇది హైస్కూల్ విద్యార్థుల కోసం నడిపే కార్యక్రమం. పిల్లలు ఐదుగురేసి జట్లుగా ఏర్పడి, ఒక ఊహాజనిత పేటను తిరిగి అభివృద్ధి చేసే ప్రతిపాదన తయారుచేస్తారు. ఒకరు ఆర్థిక లెక్కలు చూస్తే, ఒకరు మార్కెటింగ్, ఒకరు సైట్ ప్లాన్ చూస్తారు. మిగతా ఇద్దరిలో ఒకరు నగరపాలక సంస్థ తరఫున, మరొకరు పేటవాసుల తరఫున మాట్లాడతారు. లెగో ఇటుకలతో నమూనా కడతారు. ఒక భవనం తీసి ఇంకోటి పెట్టగానే స్ప్రెడ్‌షీట్‌లో లాభం, పన్నుల రాబడి అన్నీ మారిపోతాయి. నిరాశ్రయుల వసతి గృహాన్ని ఉంచాలా తీసేయాలా అన్న దగ్గర జట్టులో వాదన మొదలవుతుంది. వాలంటీర్ చేయాల్సింది అప్పుడే: జవాబు చెప్పకుండా ప్రశ్న అడగాలి. “తీసేస్తే అక్కడ ఉంటున్నవాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఉంచితే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?” అనుభవం ఉన్నవాళ్లకు ఇది చాలా కష్టం, జవాబు నాలుక చివరే ఉంటుంది కదా. అందుకే ముందు శిక్షణ తీసుకోవాలి, ఆ తర్వాతే క్లాసుకు వెళ్లనిస్తారు. చివరి రోజు వాలంటీర్లే నగర కౌన్సిల్‌గా కూర్చుని ప్రతిపాదనలు విని గెలిచిన జట్టును ప్రకటిస్తారు. నాయకత్వం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలిసి లేదు.

వృత్తి అనుభవం బాగా ఉన్నవాళ్లు సలహా ప్యానెళ్లకు, అంటే ఒక స్థలాన్ని ఎలా అభివృద్ధి చేయాలో సలహా చెప్పే నిపుణుల బృందాలకు, దరఖాస్తు చేసుకోవచ్చు. స్థానిక శాఖలు నడిపే టెక్నికల్ అసిస్టెన్స్ ప్యానెళ్లు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి. 1947 నుంచి నడుస్తున్న అడ్వైజరీ సర్వీసెస్ ప్యానెల్‌కు అయితే దాదాపు వారం రోజులు వేరే నగరంలో ఉండాలి. స్థలం చూసి, స్థానికులను, అధికారులను ఇంటర్వ్యూ చేసి, చివరి రోజు సిఫార్సులు అందరి ముందు చెప్పాలి. ప్యానెల్ సభ్యులకు పారితోషికం ఉండదు. ఆ స్థలంతో మీకు గానీ మీ కంపెనీకి గానీ ఏ వ్యాపార సంబంధం ఉన్నా ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పేయండి. పక్షపాతం లేని సలహా అన్న నమ్మకం మీదే ఈ ప్యానెళ్లు నిలబడ్డాయి. తర్వాత బయటపడితే మీ ఒక్కరి పేరే కాదు, నివేదిక మొత్తం పోతుంది.

ప్రాడక్ట్ కౌన్సిళ్ల దారి వేరు. ఇవి ఇళ్లు, ఆఫీసులు లాంటి ఒక్కో రకం రియల్ ఎస్టేట్‌లో పనిచేసే సభ్యులు అనుభవాలు పంచుకునే బృందాలు. వీటికి ఫుల్ మెంబర్ అయి ఉండాలి, సీట్లు పరిమితం, పోటీ ఎక్కువ. కౌన్సిల్ ఏడాదికి రెండుసార్లు, యూఎల్‌ఐ వసంతకాలపు, శరత్కాలపు సమావేశాల్లో కలుస్తుంది. లోపల మాట్లాడుకున్నది బయటికి పోకూడదు. హాజరు విషయంలో పట్టింపు ఉంటుంది. ప్రయాణ ఖర్చు, సెలవుల సంగతి ముందే మీ ఆఫీసులో తేల్చుకుని, అప్పుడే దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తులో అసలు బరువు ఉండేది మీరు రాసే వివరణకే. “నాయకత్వ నైపుణ్యాలు పెంచుకోవాలని, సమాజానికి సేవ చేయాలని ఆశిస్తున్నాను” అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. దాని బదులు ఇలా రాయండి: “ఖాళీ ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చే రెండు ప్రాజెక్టుల్లో అనుమతుల పని చూశాను. ఈ విషయంపై సైట్ టూర్ ఏర్పాటు చేయగలను. భవన యజమానితో, అగ్నిమాపక శాఖతో మాట్లాడే బాధ్యత తీసుకుంటాను. నెలకు ఐదారు గంటలు కేటాయించగలను.” చదవగానే ఈ మనిషికి ఏ పని అప్పజెప్పాలో కమిటీకి అర్థమవుతుంది. గంటల లెక్క నిజాయితీగా వేయండి. ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తే దాన్ని పూర్తిచేసేది మీలాగే ఉద్యోగం చేసుకుంటున్న ఇంకో సభ్యుడు.

కమిటీ చైర్, వైస్ చైర్ లాంటి బాధ్యతలకు బయటినుంచి నేరుగా దరఖాస్తు పెట్టి నెగ్గడం అరుదు. ఆ కమిటీలో పనిచేసినవాళ్లలోంచే ఎక్కువగా ఎంచుకుంటారు, అదే న్యాయం కూడా. ప్రస్తుత చైర్‌తో ముందే మాట్లాడి, వచ్చే ఏడాది వాళ్లకు ఏ పనిలో మనిషి అవసరమో తెలుసుకోండి. సంస్థ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి బాధ్యతల మార్పు ఎక్కువగా అప్పుడే ఉంటుంది. అంచేత వసంతకాలం రాకముందే నావిగేటర్ చూస్తూ ఉండటం మంచిది. గడువు తేదీలు శాఖను బట్టి మారతాయి, మీ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ సిబ్బందికి ఈమెయిల్ పెడితే చెబుతారు.

దరఖాస్తు పంపాక ఎంతకీ జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి, తప్పేం లేదు. ఎంపిక కాకపోతే, ఈలోగా ఏదైనా ఒక్క కార్యక్రమానికి సాయం కావాలా అని అదే ఈమెయిల్‌లో అడగండి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చోవడమో, వక్తలను సమన్వయం చేయడమో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ పని చేశాక ప్రొఫైల్‌లో చేర్చి, మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టండి.