కారు సీటులో మోటారు నడుం సపోర్టు బిగించడం ఎలా?

నడుం సపోర్టు పెట్టించినా నొప్పి తగ్గలేదంటూ మా షాపుకు వచ్చే కార్ల సీట్లు విప్పితే దాదాపు ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. సీటు వీపులో పెట్టే గాలి సంచి, దాన్ని నింపే పంపు, స్విచ్చు ఉన్న కిట్టు మంచిదే. పంపు తిరుగుతోంది, స్విచ్చు నొక్కితే గాలి ఎక్కుతోంది. గాలి సంచి మాత్రం ఉండాల్సిన చోటుకు జానెడు పైన ఉంది. నడుముకు ఆనాల్సింది పోయి వీపును ముందుకు తోస్తోంది. ఆ మనిషి హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా స్టీరింగ్ మీదికి వంగి పోయి, వంగి వచ్చి, "దండుగ ఖర్చన్నా" అంటాడు. వస్తువును అనడానికేం లేదు. బిగించినవాళ్లకే నడుం ఎక్కడుంటుందో తెలియలేదు.

కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నాను. ఇంకో పద్ధతి కూడా ఉందని ఎవరైనా అంటే ఉండనివ్వండి. నా దగ్గరికి రిపేరుకు వచ్చేవి ఆ పద్ధతిలో చేసినవే.

మీ సీటు విప్పొచ్చా?

సీటు వీపు భాగానికి తలుపు వైపు అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగు కుట్టి ఉందేమో చూడండి. ఉంటే ఇక్కడితో ఆపేయండి. హ్యుందాయ్ 2023 అక్టోబర్ నుంచి మన దేశంలో అమ్మే అన్ని మోడళ్లకూ 6 ఎయిర్‌బ్యాగులు ఇస్తోంది. మిగతా కంపెనీలూ ఆ దారిలోనే ఉన్నాయి. ఆ ఆరింటిలో రెండు ముందు సీట్ల వీపులోనే ఉంటాయి. ప్రమాదంలో బ్యాగు బయటికి రావడానికి అక్కడి కుట్టు తెగేలా ఫ్యాక్టరీలోనే కుడతారు. మనం దాన్ని విప్పి మన దారంతో గట్టిగా కుట్టేస్తే బ్యాగు ఏ దిక్కుకు తన్నుతుందో ఎవరూ చెప్పలేరు. ఎంత ఇస్తామన్నా అలాంటి సీటును నేను ముట్టను. అలాంటి సీటున్నవాళ్లు గట్టి ఫోమ్‌తో చేసిన నడుం దిండు కట్టుకోవాలి. దాని పట్టీ కూడా ఆ అంచు మీదుగా పోకూడదు.

ట్యాగు లేకపోయినా సీటు కింద పసుపు రంగు కప్లరు (వైర్లను కలిపే ప్లగ్గు) కనిపిస్తే దాన్ని పీకొద్దు, దాని వైరు కోయొద్దు. అది బెల్టుదో, ఎయిర్‌బ్యాగుదో అయి ఉంటుంది.

ఇంకో మాట. నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా మీరు పోవాల్సింది ఎముకల డాక్టరు దగ్గరికి. సీట్లు కుట్టేవాడి దగ్గరికి కాదు.

సామాను

రెండు గాలి సంచులున్న 12 వోల్టుల కిట్టు, అందులోనే పంపు, స్విచ్చు, ట్యూబులు, ఫ్యూజుతో వైరింగు వస్తాయి. ఇవి కాక కేబుల్ టైలు, కటింగ్ ప్లేయరు, మందపాటి ఫెల్టు ముక్క, పలుచటి ప్లాస్టిక్ షీటు, సుద్దముక్క, పురికొస ఉంటే చాలు. మసాజ్ కూడా ఉందని చెప్పే కిట్టు కొనకండి. వణికించే మోటారు ముందు పాడవుతుంది, పోతూ పోతూ స్విచ్చును కూడా తీసుకుపోతుంది.

"కంపెనీ ఒరిజినల్ తెప్పించు" అని అడిగేవాళ్లు చాలామంది. అది దొరకదు, దానికి కారణం ఉంది. ఖరీదైన కార్లలో ఈ సౌకర్యం రెండు రకాలుగా వస్తుంది. మోటారు ఒక తీగను లాగితే సీటులోని పలక విల్లులా వంగేది ఒకటి, పంపుతో సంచులు ఉబ్బేది ఇంకొకటి. స్విచ్చుకు ముందు, వెనక మాత్రమే ఉంటే టూ-వే అంటారు, పైకి, కిందికి కూడా ఉంటే ఫోర్-వే. వీటిని ఎక్కువగా కారు కంపెనీలు సొంతంగా చేసుకోవు. లెగ్గెట్ అండ్ ప్లాట్, లియర్, జెన్‌థర్మ్ లాంటి కొద్దిమంది చేసిస్తారు. ఆ కొద్దిమందిలోనూ ఒకరినొకరు కొనుక్కోవడమే. 2022 ఒక్క ఏడాదిలోనే కాంగ్స్‌బర్గ్ వాళ్ల సీటు సౌకర్యాల విభాగాన్ని లియర్, జర్మనీకి చెందిన ఆల్ఫ్‌మైయర్‌ను జెన్‌థర్మ్ తీసుకున్నాయి. వాళ్లు ఒక్కో మోడల్ సీటుకు కొలిచి చేసి కారు కంపెనీకి ఇస్తారు. మన కౌంటర్ మీదికి వచ్చేది ఏ సీటుకైనా సరిపెట్టుకునే కిట్టు మాత్రమే. చిన్న కార్లలో ఎందుకివ్వరంటే, షోరూములో సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అని అడిగేవాళ్లే గానీ నడుం గురించి అడిగేవాళ్లు లేరు. వోల్వో 1960లలోనే సీట్లలో నడుం ఆసరా పెట్టింది. మనమింకా పూసల సీటు కవర్ల దగ్గరే ఉన్నాం.

సీటు వెనక విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి మొదలుపెట్టండి. సీటును ముందుకు జరపండి. వీపు కవరు అడుగున రెండు ప్లాస్టిక్ పట్టీలు ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయి. వేలితో నొక్కి తిప్పితే వచ్చేస్తాయి. కొన్నింటికి జిప్పు ఉంటుంది. కవరును ఫోమ్ కింది సగం వెనక కనిపించేంత వరకు పైకి మడిస్తే చాలు, మొత్తం ఊడదీయక్కర్లేదు. సీటును కారులోంచి దించకూడదు. దించితే పని సులువే, కానీ నాలుగు బోల్టులూ కంపెనీ చెప్పిన బిగువుకే మళ్లీ బిగించాలి. ఆ కొలత చూపే పానా మన దగ్గర ఎంతమందికి ఉంది?

సంచికి చోటు గుర్తించడం

అసలు పని ఇదే. దీనికి తొందరపడేవాళ్లు కిట్టు కొనకుండా ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకోవడం మేలు. ఈ గుర్తులన్నీ కవరు మూసి ఉన్నప్పుడే పెట్టాలి. కాబట్టి విప్పే ముందే ఈ భాగం పూర్తి చేసుకోండి.

కారు రోజూ నడిపే మనిషినే కూర్చోబెట్టండి. వెనక జేబులో పర్సు ఉంటే తీసేయాలి. పర్సు మీద కూర్చుంటే తుంటి ఒక పక్కకు లేస్తుంది, కొలత తప్పుతుంది. నొప్పిలో సగం దానివల్లే అని నా నమ్మకం. పిరుదులు సీటు మూలకు ఆనేదాకా వెనక్కి జరగాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. రోజూ వేసుకునే చెప్పులో, బూట్లో వేసుకునే కూర్చోవాలి.

తర్వాత వీపు వాలు. గోడలా నిటారుగా పెట్టుకోవడం మంచి అలవాటని చాలామంది అనుకుంటారు, కాదు. 1970లలో స్వీడన్ పరిశోధకులు మనుషుల నడుం డిస్కులో సూది దించి ఒత్తిడి కొలిచారు. సీటు వీపు వెనక్కి వాలేకొద్దీ, నడుం దగ్గర ఆసరా పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గింది. అలాగని పడక కుర్చీలా పడుకోబెట్టకండి, స్టీరింగ్ అందదు. 100 నుంచి 110 డిగ్రీల మధ్య చాలు. భుజాలు సీటుకు ఆని ఉండగానే మణికట్టు స్టీరింగ్ పై అంచుకు తగిలితే వాలు సరిగ్గా ఉన్నట్టు.

ఇప్పుడు ఆ మనిషిని కారును అలాగే కాజీపేట దాకా నడిపి రమ్మనండి. ఆపి ఉన్న కారులో అందరూ పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చుంటారు. నడిపి వచ్చాక శరీరం తన అసలు పద్ధతిలోకి దిగుతుంది, ఫోమ్ కూడా అసలు బరువుకు అణుగుతుంది. అప్పుడే గుర్తు పెట్టాలి. దిగనివ్వకండి.

రెండు చేతులూ తుంటి మీద పెట్టించండి, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. బెల్టు దగ్గర చేతికి గట్టిగా తగిలే ఎముక పై అంచు దొరుకుతుంది. నడుములో 5 పూసలుంటాయి. ఆ రెండు ఎముకల అంచులను కలిపే గీత దాదాపు నాలుగో పూస మీదుగా పోతుంది. ఆ ఎత్తులో సీటుకు రెండు పక్కలా సుద్దతో గుర్తు పెట్టండి. మనిషి దిగాక రెండు గుర్తులను కలుపుతూ పురికొస లాగండి. సంచి నడిమధ్య ఆ గీతకు రెండు వేళ్లు పైన రావాలి. అంతే, రెండు వేళ్లు. కిట్టులో రెండు సంచులుంటే వాటి మధ్య జాగా ఆ చోటికి రావాలి.

టేపుతో సరిచూసుకోవాలంటే మనిషి కూర్చుని ఉండగానే, అణిగిన సీటు మీది నుంచి సంచి నడిమధ్య రావాల్సిన చోటు దాకా కొలవండి. 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఖాళీ సీటు మీది నుంచి కొలిస్తే, ఫోమ్ అణిగాక సంచి ఆ మేరకు వీపు మీదికి ఎక్కుతుంది. నేను విప్పి చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడివే.

ఇక్కడే కస్టమర్ అడ్డం పడతాడు. "ఇంకింత పైకి పెట్టన్నా, నాకు నొచ్చేది ఈడ" అని రెక్కల మధ్య చూపిస్తాడు. వినకండి. కింద ఆసరా లేక నడుం లోపలి వంపు పోయి వీపు గూనిగా మారితే పైన నొస్తుంది. నొచ్చే చోట సంచి పెడితే ఆ గూని ఇంకా పెరుగుతుంది.

ఇంకా నమ్మకం లేకపోతే ఖాళీ సంచిని కవరు మీదే టేపుతో అంటించి, కొద్దిగా గాలి పెట్టి కూర్చోబెట్టి చూడండి. "ఏదో గుచ్చుకుంటోంది" అంటే ఎత్తు తప్పు, లేదా గాలి ఎక్కువ. సరైన చోట ఉంటే ఆ మనిషి సంచి సంగతే ఎత్తడు, మాటల్లో పడిపోతాడు. ఒకే కారును భార్యాభర్తలిద్దరూ నడుపుతుంటే ఎక్కువ దూరం నడిపేవారి కొలతే ఖాయం. ఇద్దరి కొలతలకు మధ్యలో పెడితే ఇద్దరూ తిడతారు.

సంచి బిగించడం

సంచి ఫోమ్‌కు వెనక, సీటు తీగలకు ముందు ఉండాలి. ఫోమ్‌ను గుంటలా కోసి అందులో కూర్చోబెట్టేవాళ్లున్నారు. ఫోమ్ పోతే సీటే పోయినట్టు, కత్తి దాని దగ్గరికి రానివ్వకండి. తీగలకు ముందు ప్లాస్టిక్ షీటు, దాని మీద ఫెల్టు, ఆ పైన సంచి. షీటు మూలలు గుండ్రంగా కోయండి. ఈ రెండూ లేకపోతే సంచి ముందుకు ఉబ్బకుండా తీగల సందులోంచి వెనక్కి ఉబ్బుతుంది, కొన్నాళ్లకు ఆ తీగే కోసేస్తుంది. ఎన్నికల ఫ్లెక్సీ ముక్క మడిచి పెట్టిన సీట్లు కూడా చూశాను. గతుకు వచ్చిన ప్రతిసారీ నాయకుడు లోపల కిర్రుమంటాడు. ట్యూబు మూతి కిందికి ఉండాలి. గమ్ వాడొద్దు, మన ఎండలకు అది కరిగి సంచిని ఫోమ్‌కు అంటించేస్తుంది. కేబుల్ టైలు చాలు.

కవరు మూసే ముందు సంచి నింపి, జాయింట్లకు సబ్బు నురగ పెట్టి చూడండి. బుడగ వస్తే ట్యూబు కొస కొద్దిగా కోసి మళ్లీ దించండి. దాని మీద ఎం-సీల్ పూయడం పని కాదు.

కరెంటు, గాలి

ఫ్యూజు బాక్సులో, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటి నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజు గుంటలో దిగి ఇంకో వైరుకు కరెంటు ఇచ్చే ముక్క) తీసుకోండి. కంపెనీ వైరును కోసి మెలిపెడితే వారంటీ అడిగే హక్కు పోతుంది. ఫ్యూజు కిట్టు మీద రాసిన విలువదే వేయాలి. పంపును సీటు కింద ఫోమ్ ముక్కలో చుట్టి, సీటు జరిగే పట్టాలకు తగలకుండా కట్టండి. సీటును ముందుకు, వెనక్కి పూర్తిగా జరిపి వైరు ఎక్కడా నలగడం లేదని చూసుకోండి. స్విచ్చు తలుపు వైపే ఉండాలి. హ్యాండ్ బ్రేకు వైపు పెడితే పక్క సీటులో పిల్లలు దాంతో ఆడతారు.

గాలి నింపడం మొదట కొద్దిగానే. నడుముకూ సీటుకూ మధ్య అరచేయి దూరే సందు పూడితే ఆపేయండి. దూరం పోయేటప్పుడు మధ్యమధ్యలో కొంచెం పెంచడం, కొంచెం తగ్గించడం చేస్తే నడుం ఒకే తీరులో బిగుసుకుపోదు. మోటారు పెట్టించుకున్నందుకు అసలు లాభం అదే. ఎండలో కారు ఆపి దిగేటప్పుడు గాలి వదిలేయండి.

భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీల డ్రైవర్లకు కారువాళ్ల కంటే దీని అవసరం ఎక్కువ. కొలత, బిగింపు ఇదే. కానీ పెద్ద లారీల్లో కరెంటు 24 వోల్టులు. 12 వోల్టుల కిట్టును నేరుగా కలిపితే పంపు కాలిపోతుంది. 24 వోల్టుల కిట్టే కొనండి, లేదంటే మధ్యలో 24ను 12 వోల్టులకు దించే కన్వర్టర్ పెట్టండి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు లాగే తెలివి కొందరు మెకానిక్కులు చూపిస్తారు. అలా చేస్తే రెండింటి ఛార్జింగు సమానంగా ఉండక జతలో ఒకటి ముందే చస్తుంది. కొత్త బ్యాటరీ డబ్బు కట్టేది డ్రైవరు జేబులోంచే.