అసలు నూలేనా? రెండు పోగులు కాల్చి చూడండి

బట్ట నుంచి ఒక పడుగు (నిలువు) పోగు, ఒక పేక (అడ్డం) పోగు తీసి విడివిడిగా కాల్చండి. పడుగు నూలు, పేక పాలిస్టర్‌గా నేసేవీ ఉంటాయి కాబట్టి ఒక్క పోగుతో తేల్చేయొద్దు. పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె ఉంచండి.

నూలు చప్పున అంటుకుంటుంది. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పట్టుకు వెంట్రుకలు కాలిన వాసన. మిగిలిన నల్ల ఉండ నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి గట్టి పూసవుతుంది, చల్లారాకే ముట్టుకోండి. ఒకే పోగులో పూస, బూడిద రెండూ కనిపిస్తే అది నూలు, పాలిస్టర్ కలిపిన పోగు.

చిక్కంతా రేయాన్‌తోనే (కలప గుజ్జుతో చేసే పోగు), అదీ కాగితంలాగే కాలుతుంది. మరో పోగు తడిపి లాగండి: రేయాన్ ఇట్టే తెగుతుంది, నూలు తడిస్తే ఇంకా బలపడుతుంది.