కొరమీను తగిలి తప్పించుకుపోతోందా? ముందు మొన చూడండి

సంక్రాంతి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పొద్దుటి నుంచి ఆరు తగిలాయి, ఒక్కటీ ఒడ్డెక్కలేదు" అని. రాడ్డు మార్చాలా, దారం మందం పెంచాలా, ఆకుపచ్చ కప్ప బదులు నల్ల కప్ప కట్టాలా అని వరుసగా అడుగుతారు. ములుగు, నర్సంపేట వైపు చెరువుల్లో ఏళ్ల తరబడి ఎరగా కట్టే రబ్బరు కప్పతో కొరమీను వెంట తిరిగినవాడిగా నేను తిరిగి అడిగేది ఒకటే: గాలం ముల్లు మొన గోరు మీద పెట్టి చూశావా? అవతల కాసేపు మాట ఉండదు. చూడలేదని అర్థం.

రీలు పట్టడం, కప్పను గురి చూసి విసరడం, చెరువు మీద హక్కున్న మత్స్య సహకార సంఘం వాళ్లను అడిగి దిగడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. పాకాల లాంటి అభయారణ్యపు చెరువు దగ్గరైతే అటవీ శాఖను అడగకుండా రాడ్డు సంచిలోంచి తీయవద్దు.

అసలు ముట్టుకోవడమే లేదు

కారణం చాలాసార్లు మీ అలారం గడియారమే. వానాకాలంలో తెల్లవారుజామున దొరికాయి కదా అని జనవరిలోనూ ఐదింటికే కట్ట ఎక్కుతారు. కొరమీను వెచ్చని నీటి చేప. చలికి మందగించి, నోటి ముందు నుంచి కప్ప వెళ్లినా కదలదు. ఇంట్లో టిఫిను తిని, తొమ్మిదిన్నరకు తీరిగ్గా బయలుదేరండి. ఎండకు ముందుగా వెచ్చబడేది లోతు తక్కువ నీరు కాబట్టి తూము దగ్గరి లోతుల కంటే శిఖం వైపు, అంటే నీళ్లు పలచగా నిలిచే చెరువు నేల వైపు, తుంగ, తామరాకుల అంచులు వెతకండి. యాసంగికి నీళ్లు వదిలి చెరువు బాగా తగ్గాక మిగిలిన చేప గుంటలు పట్టుకుంటుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో అలాంటి గుంటలు చాలా ఉన్నాయి. ఎక్కడున్నాయో ఊళ్లో పశువులు కాసేవాళ్లకు మీకంటే బాగా తెలుసు.

కొరమీను మొప్పలతో సరిపెట్టుకోదు, మధ్యమధ్య పైకి వచ్చి నేరుగా గాలి మింగి వెళ్తుంది. ఆ వలయం కనిపించగానే దాని నడినెత్తిన కప్పను పడేస్తారు చాలామంది. బెదిరి పోతుంది. నాలుగు మూరలు అవతల వేసి, నెమ్మదిగా, ఆగి ఆగి దాని దారిలోకి లాగాలి.

గుబుక్కుమంటోంది కానీ గుచ్చుకోవడం లేదు

చప్పుడు వినగానే లాగేస్తున్నారు. కప్ప ఇంకా పెదవుల మధ్యే ఉంటుంది. చప్పుడుకు కాదు, బరువుకు లాగాలి. దారం బిగిసి, చేప తల తిప్పి వెళ్తున్నట్టు చేతికి తెలిశాక గట్టిగా ఒక్క లాగు. దీని మీద ఇంతకంటే చెప్పడానికి లేదు, పది చేపలు పోయేసరికి చెయ్యే నేర్చుకుంటుంది.

తగిలింది, రాడ్డు వంగింది, రెండు క్షణాల్లో వదులైపోయింది

నన్ను ఏడిపించింది ఇదే.

ఒక ఫిబ్రవరిలో ములుగు దగ్గరి ఒక చెరువు మీద మధ్యాహ్నంలోపు ఐదు పోగొట్టుకున్నాను. ఐదూ ఒకే తీరు. చక్కగా మింగింది, నేను సమయానికే లాగాను, రాడ్డు వంగింది, నీళ్లలో ఒక్క పెనుగులాట, ఆ తర్వాత ఖాళీ కప్ప గాల్లో ఎగిరి నా వైపు వచ్చింది. మూడోదానికి ముడి మార్చాను. నాలుగోదానికి దారం మార్చాను. ఐదోదానికి రాడ్డును తిట్టాను. తూము గద్దె మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"ముల్లు చూసుకున్నావా బిడ్డా?"

"కొత్తదే తాతా, నిన్ననే కొన్నాను."

ఆయన కప్పను చేతిలోకి తీసుకుని, ముల్లు మొనను తన బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా లాగాడు. గాజు మీద చీపురుపుల్లలా జారింది. రెండో మొనా అంతే. ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తే కొస ఆవగింజలో సగమంత పక్కకు మడతపడి ఉంది. అది కొన్నాక నేను విసిరింది నలభై సార్లు కూడా ఉండదు.

సీజను చివరే ఇలా ఎందుకవుతుందో తర్వాత తెలిసింది. చెరువు నిండి మత్తడి పోసే రోజుల్లో నీళ్లు కట్ట పైదాకా ఉంటాయి. మీరు నిలబడేది కట్ట మీదే, వెనక అంతా ఖాళీ గాలి. రాడ్డు ఎంత వెనక్కి ఊపినా కప్పకు ఏదీ తగలదు. ఫిబ్రవరికి నీళ్లు దిగిపోతాయి. నీటి వైపు కట్టకు పేర్చిన రాళ్లు వరుస వరుసగా బయటపడతాయి. చేప ఎక్కడుంటే అక్కడికి మీరూ ఆ రాళ్ల మీదుగా కిందికి దిగుతారు. ఇప్పుడు మీ వీపు వెనక ఖాళీ లేదు, తలెత్తు వరకూ రాతివాలు ఉంది. అలవాటైన ఊపుతో రాడ్డు వెనక్కి తెస్తే కప్ప ఆ రాయికి టక్కున తగిలి ముందుకు వస్తుంది. గాలి ఉంటే ఆ చప్పుడు వినపడదు, విన్నా పట్టించుకోము. విసురు బాగానే పడుతుంది కనుక అనుమానమే రాదు.

ముల్లు మొనలు కప్ప వీపుకు ఆనుకుని పడుకున్నట్టు ఉంటాయి కదా, వాటికేం కాదనుకుంటాం. మెత్తటి రబ్బరు రాయికి నొక్కుకోగానే ముందుగా బయటపడేవి ఆ మొనలే. పైగా విసురు చివర కప్పను నీళ్లలోంచి ఎత్తకుండా రాళ్ల మీదుగా ఒడ్డుకు ఈడ్చుకొచ్చే బద్ధకం మనందరికీ ఉంది. అదీ సాన పెట్టినట్టే, కాకపోతే తిరగేసి.

ఇక చేప సంగతి. కొరమీను నోరు బొచ్చె నోరులా మెత్తన కాదు. పైనా కిందా గట్టి ఎముక, పళ్లు. పదునైన మొన అయితే ఎముక మీద జారినా మూలల్లోని కండలో దిగుతుంది. మొద్దు మొన ఎక్కడా దిగదు, ఎముకకూ పంటికీ మధ్య ఇరుక్కుని నిలబడుతుంది. దారం బిగువుగా ఉన్నంతసేపు దొరికిందనే భ్రమ. చేప ఒక్కసారి ఒళ్లు తిప్పిందా, ఆ ఇరుకు వదిలిపోతుంది. అందుకే రాడ్డు వంగుతుంది, అందుకే రెండే క్షణాలు.

ఇది మన చెరువులకే పట్టిన తెగులు కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి గుడ్లుగా తెచ్చి కాశ్మీరు వాగుల్లో పెంచిన బ్రౌన్ ట్రౌట్‌ను ఈక ఎరతో పట్టేవాళ్లదీ ఇదే బాధ. నీళ్లు తగ్గి గులకరాళ్ల ఒడ్డు బయటపడ్డాక వెనక్కి ఊపిన ఎర రాయికి తగిలి మొన పోతుంది, పొద్దంతా మొన లేని ముల్లుతో విసురుతూ ఉంటారు.

పరిష్కారానికి రూపాయి ఖర్చు లేదు. మొనను గోరు మీద ఏటవాలుగా పెట్టి, బరువు వేయకుండా లాగండి. పట్టుకుని గీత పెడితే పదును ఉన్నట్టు. జారితే పోయినట్టు. నొక్కి చూడవద్దు, నొక్కితే మొద్దు ముల్లు కూడా ఆగినట్టే అనిపిస్తుంది. కప్పకు రెండు మొనలుంటాయి, రెండూ చూడండి. కట్ట ఎక్కగానే ఒకసారి, ప్రతి చేప తర్వాత, టక్కుమన్న ప్రతిసారీ, అనుమానం వచ్చినా రాకపోయినా పది విసుర్లకు ఒకసారి. నాలుగు క్షణాల పని.

కొద్దిగా మొద్దుబారితే చిన్న ఆకురాయితో ఒకే దిశలో, మొనకు మూడు పక్కలా తేలికగా రెండేసి సార్లు గీస్తే చాలు. ముందుకూ వెనక్కూ రుద్దితే ఉన్న పదును కూడా పోతుంది. ఆకురాయి తగిలిన చోట పైపూత పోయి తుప్పు పడుతుంది కాబట్టి ఇది ఆ రోజుకు గట్టెక్కించే మందే. కొస మడతపడినా, విరిగినా ఆకురాయి వెతకవద్దు, ముల్లు మార్చండి. మూడు వందల కప్పను పారేయలేక చేపలు పోగొట్టుకునేవాళ్లను చూశాను. కప్పను పారేయమని ఎవరన్నారు? చాలా కప్పలకు ముల్లు ఒక్కటే ఊడదీసి వేరేది ఎక్కించవచ్చు.

విసురు కూడా మార్చుకోవాలి. రాళ్ల మధ్య నిలబడ్డప్పుడు తల మీదుగా కాదు, పక్క నుంచి, నీటి అంచుకు సమాంతరంగా ఊపండి. దూరం కొంత తగ్గుతుంది. తగ్గనీయండి, ఆ రోజుల్లో చేప ఎలాగూ దగ్గరే ఉంటుంది.

దారమే తెగిపోతోంది

చివరి మూరెడు దారాన్ని వేళ్ల మధ్య పోనిచ్చి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసేసి మళ్లీ ముడి వేయండి. నైలాన్ అయితే ముడి బిగించే ముందు తడపాలి, పొడిగా బిగిస్తే ఆ వేడికే బలహీనపడుతుంది. ఇది తెలియనివారు లేరు, చేసేవారే తక్కువ.

మిగతావి

కప్ప బోలు కడుపులోకి నీళ్లు చేరి మునుగుతుంటే పిండేయండి. రాడ్డు గట్టిదనం వల్ల చేప పోయిన సందర్భం నేను ఒకటో రెండో చూశాను, దాని కోసం కొత్త రాడ్డు కొనవద్దు. రంగు గురించి వాదించే ఓపిక నాకు లేదు. అమావాస్య, పున్నమి లెక్కలు మా బావ దగ్గర ఉన్నాయి. పంచాంగం చూడకుండా ఆయన ఇంట్లోంచి కదలడు. పోయిన నెల ఇద్దరం కలిసి వెళ్తే మూడు జారవిడిచాడు. ఆయన ముల్లు అడిగి తీసుకుని నా గోరు మీద పెట్టి చూశాను. జారింది.