డోరంత రేకుకి తుప్పు వదిలించాలంటే

నట్లు, బోల్టుల తుప్పు పెద్ద సమస్య కాదు, బకెట్లో నానబెడితే పోతుంది. బొనెట్, డోరు, డిక్కీ మూత దగ్గరికి వచ్చేసరికే తంటా. వాటిని ముంచడానికి తొట్టి ఎక్కడ దొరుకుతుంది? మాది చిత్తూరు. పాత ప్రీమియర్ పద్మినీ కార్లు బాగుచేసుకోవడం నాకున్న పిచ్చి. నేను ఇంటి పెరట్లో చేసే పద్ధతి ఇది.

ముందు అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి రేకంతా నడిపించండి. పట్టు సడలిన చోట కింద పుట్టీ ఉందని అర్థం. అక్కడ పుట్టీ గీకేసి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. దిగబడిపోతే ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే, దానికి తుప్పు తీయడం దండగ. డోరు అడుగు మడత, మడ్‌గార్డ్‌లో మట్టి పేరుకునే మూలలు ముఖ్యంగా చూడండి.

షెడ్డుకి వెళ్తే "సాండ్ బ్లాస్టింగ్ (గాలి జోరుతో ఇసుక కొట్టడం) కొట్టించెయ్ సార్, ఒక్క పూటలో అయిపోతుంది" అంటారు. ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ భేషుగ్గా కొట్టించండి. బొనెట్‌కి మాత్రం వద్దు. వెడల్పాటి పల్చటి రేకు మీద ఇసుక అంత జోరుగా తగిలితే ఒక పక్క సాగి, రేకు అలలు తేలుతుంది. మళ్ళీ దాన్ని సాపు చేయడం మంచి మేస్త్రికి కూడా కష్టమే. బాత్రూమ్ యాసిడ్ జోలికి అసలు పోవద్దు. మడతల్లో దాక్కుని, పెయింట్ వేశాక లోపల్నుంచి మళ్ళీ తినడం మొదలుపెడుతుంది. దాని ఆవిరికి పక్కనున్న స్పానర్లు కూడా తుప్పు పడతాయి.

నా ఓటు మొలాసిస్‌కి, అంటే చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే చెరకు మడ్డికి. పశువుల దాణాలో కలిపే సరుకే కాబట్టి దాణా అమ్మేవాళ్ళని అడగండి. దాని బదులు నల్లబెల్లం బస్తాలు కొనేరు, నాటుసారా కాస్తున్నారని వీధి వీధంతా అనుకుంటుంది!

తొట్టి కట్టక్కర్లేదు. చదునైన చోట ఇటుకలు పేర్చి, పైన చిరుగులేని మందపాటి టార్పాలిన్ పరిస్తే చాలు. ఐదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు అంటే సుమారు 420 లీటర్లు. ఒక పాలు మొలాసిస్‌కి తొమ్మిది పాళ్ళ నీళ్ళు, అంటే 42 లీటర్ల మొలాసిస్ కావాలి. ఖర్చు తగ్గాలంటే ఖాళీ మూలల్లో నీళ్ళు నింపి మూత బిగించిన బాటిళ్ళు పెట్టండి. అవి ఆక్రమించినంత మేర ద్రావణం మిగులుతుంది.

ముంచే ముందు పెయింట్ పూర్తిగా తీసేయాలి, గ్రీజు సబ్బుతో కడగాలి. మొలాసిస్ తుప్పునే తప్ప పెయింట్‌ని కదిలించదు. అద్దం, రబ్బర్లు, అల్యూమినియం పట్టీలు విప్పేయండి. అల్యూమినియాన్నీ జింకు పూతనీ అది తినేస్తుంది. రేకు మొత్తం మునగాలి. పైకి తేలిన చోట నీటి గీత వెంబడి కొత్త తుప్పు వస్తుంది.

రెండు, మూడు వారాలు పడుతుంది. ఎండాకాలంలో పని చురుగ్గా సాగుతుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి ఆ నెలల్లో పెట్టుకోవద్దు. పైన బూజు తెట్టు కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. దానికి కంగారు పడక్కర్లేదు గానీ మూత మాత్రం గట్టిగా వేయండి, పిల్లలు, కుక్కలు ఉంటాయి. నాలుగైదు రోజులకోసారి రేకు తిప్పి, బ్రష్‌తో రుద్ది మళ్ళీ ముంచండి. నల్లటి పొర చేతికి జారిపోయి కింద బూడిదరంగు ఇనుము కనిపిస్తే అయినట్టే.

ఊడదీయలేని ఫ్లోర్, రూఫ్ లాంటివాటికి నిమ్మ ఉప్పు వాడతాను. లీటరు నీళ్ళకి 50 గ్రాములు కలిపి, పాత గుడ్డలు తడిపి పరిచి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పాలి. కొన్ని గంటలకోసారి తీసి చూడండి. ఎక్కువసేపు వదిలేస్తే మంచి ఇనుమును కూడా తింటుంది. తీశాక చాకలి సోడా నీళ్ళతో కడగాలి.

అసలు టెన్షన్ కడిగిన తర్వాత. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే చూస్తుండగానే పసుపెక్కుతుంది. అందుకే తీసే రోజు ముందే ఖాయం చేసుకుని, ప్రైమర్ సిద్ధంగా పెట్టుకోండి. ప్రెషర్ వాష్‌తో మడతలన్నీ కడిగి, నీళ్ళు కారే కన్నాలు కిందికి ఉండేలా డోరును ఎండలో నిలబెట్టండి. మడతల్లోకి హాట్ ఎయిర్ గన్ పట్టండి. 80 నంబర్ గరుకు పేపర్ కొట్టి, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. రెడ్ ఆక్సైడ్ వేసి నెలలు ఆపితే తేమ దాన్ని దాటుకుని లోపలికి పోతుంది.

పెయింట్ అంతా అయ్యాక డోరు లోపలి మడతల్లోకి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా బోలు చోట్ల కొట్టే మైనం) స్ప్రే చేయించండి. ఆ వ్యాక్స్‌తో అడుగు కన్నాలు మూసుకుపోకుండా ఒక తీగ గుచ్చి చూడండి.